ఓటు లేనివాళ్ళ ఎన్నికలు

మొన్న ఆదివారం మా వీధిలో ఎవరో గరాజ్ తలుపు సగం ఎత్తి గారెలు వేస్తున్నారు. కాగిన నూనె, మినప్పిండి, కారు టైర్ల రబ్బరు, బయట వానకు తడిసిన మేపుల్ ఆకులు, ఇవన్నీ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నడుస్తున్నదాన్నల్లా నిలబడిపోయాను. ఇంట్లో వేయిస్తే చలికోట్లకు వాసన పడుతుందని, రేపు ఆఫీసులో పక్కవాళ్ళు ముక్కు చిట్లిస్తారని మా మిషిగన్ తెలుగువాళ్ళు పిండివంటలన్నీ గరాజ్‌లోనే కానిస్తారు. ఆ వాసనకు ఎవరికైనా పండగ గుర్తొస్తుంది. నాకు మాత్రం ఎన్నికలు గుర్తొస్తాయి. ఏం చేస్తాం, నా ఖర్మ!

మేం నోవై అనే ఈ ఊరికి వచ్చేసరికి నేను ఇంకా బడిలో చేరలేదు. నాన్న కార్ల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసే ఒక ఆఫీసులో పనిచేసేవాడు. కింద బేస్‌మెంటూ పక్కన గరాజూ ఉన్న మా అద్దె ఇంటి వెనక బిల్డింగ్‌లోనే సుధాకర్ అంకుల్, విజయ ఆంటీ, వాళ్ళమ్మాయి సింధు ఉండేవాళ్ళు. మాది గుంటూరు, వాళ్ళది కరీంనగర్. ఆఫీసులు వేరైనా రోడ్డు ఒకటే కాబట్టి ఒక వారం మా కారు, ఒక వారం వాళ్ళ కారు. మంచు కురిసిన పొద్దున ఒకళ్ళు అద్దం మీది మంచు గీకుతుంటే ఇంకొకళ్ళు ఇంజన్ వేడిచేసేవాళ్ళు, వెనక సీట్లో నేనూ సింధూ ఒకే దుప్పటి కప్పుకుని, నోటి ఆవిరితో పొగమంచు పట్టిన కిటికీ మీద వేలితో పిల్లుల్ని గీసుకుంటూ స్కూల్ దాకా వెళ్ళేవాళ్ళం. సింధు లేని బాల్యం నాకు లేదు.

ఆకులు రాలే కాలం వచ్చిందంటే మా రెండిళ్ళకీ ఊపిరాడేది కాదు. బతుకమ్మకు తంగేడు పూలు ఎక్కడ దొరుకుతాయి? ఆంటీ గుమ్మడికాయలమ్మే తోటల చుట్టూ తిరిగి బంతిపూలూ చామంతులూ తెచ్చి పళ్ళెంలో పేర్చేది. అమ్మ గరాజ్‌లో పొయ్యి ముందు శాలువా కప్పుకుని కూర్చుని గారెలు వేసేది, మేము ఆకుల గుట్టల్లో దూకి, జుట్టునిండా పుల్లలతో వచ్చి, వేడి గారెలు ఊదుకుంటూ తినేవాళ్ళం. ఆపిల్ రసం తాగిన మూతులతోనే బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొట్టేవాళ్ళం. సరిగ్గా ఆ రోజుల్లోనే, నాలుగేళ్ళకోసారి, పక్కింటి గడ్డిలో అభ్యర్థుల పేర్ల బోర్డులు మొలిచేవి.

నాన్నది ఏనుగు గుర్తు పార్టీ. అంకుల్‌ది గాడిద గుర్తు పార్టీ. పన్నులు తగ్గిస్తే కంపెనీలు పెరుగుతాయి, కంపెనీలు పెరిగితే ఉద్యోగాలు అవే వస్తాయని నాన్న. "గట్లెట్ల అన్నా? కార్ఖాన మునుగుతుంటే సర్కారు చెయ్యందియ్యకపోతె అండ్ల పనిజేసెటోళ్ళు యాడికి పోవాలె?" అని అంకుల్. పెట్రోలు ధర దగ్గర మొదలై, వడ్డీ రేట్ల మీదుగా, అభ్యర్థుల మొహాల దాకా వెళ్ళేది వాదన. ఇద్దరూ వీసా మీద ఉన్నవాళ్ళే. ఒక్కడికీ ఓటు లేదు! అమ్మ గరిటె పట్టుకుని వచ్చి, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని, ఓటు లేని మగాళ్ళకి ఇంత గొడవెందుకండీ?" అంటే ఇద్దరూ నవ్వేసి, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. నేను ఏనుగు, సింధు గాడిద. మేమిద్దరం దిండ్లతో కొట్టుకునేవాళ్ళం. కొట్టుకున్నాక ఒకే దిండు మీద పడుకునేవాళ్ళం.

ఆ ఏడు మాత్రం గాలి బాగోలేదు. రోజూ ఏదో ఒక ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారని ఇంట్లో గుసగుసలు. ఉద్యోగం పోతే వీసా పోతుందని, వీసా పోతే ఊరే వదిలిపోవాలని మాకు ఎవరూ చెప్పకపోయినా తెలుసు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా బేస్‌మెంట్‌లో భోజనాలు. నాన్న అభ్యర్థుల డిబేట్ రికార్డు చేసిపెట్టి, ఆపి ఆపి చూపిస్తున్నాడు. అంకుల్ ఆ రోజు ఎందుకో మాట కలపలేదు. పులిహోర కెలుకుతూ కూర్చున్నాడు. వాదించేవాడు లేకపోతే నాన్నకు ముద్ద దిగదు కదా, ఎగదోశాడు.

"నువ్వెన్నన్నా చెప్పు సుధాకర్, పని వచ్చినోణ్ణి ఎవడూ తీసెయ్యడు. ఉద్యోగాలు పోయాయని ఏడ్చేవాళ్ళంతా పని చేతకానోళ్ళే."

అంకుల్ పళ్ళెం పట్టుకుని లేచి, సింక్ దగ్గర చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకున్నాడు. "మంచిదన్నా, మేం పోతం," అన్నాడు. పోయొస్తం అనలేదు. "నానా, నా గేమ్ ఇంకా అవ్వలే!" అని సింధు ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. ఏమైందో తెలియక ఆంటీ మా వంకా ఆయన వంకా చూస్తూ వెనకాలే వెళ్ళింది.

మర్నాడు మా కారు వారం. నాన్న వాళ్ళ బిల్డింగ్ ముందు ఆపి ఎప్పట్లాగే హారన్ కొట్టాడు. ఆంటీ ఒక్కతే చెప్పులు లేకుండా దిగి వచ్చింది. కిటికీ దగ్గర వంగి, "ఆయన రాడన్నయ్యా. శుక్రవారమే ఉద్యోగం తీసేసిన్రంట. నాకు గూడ రాత్రే చెప్పిండు," అంది. వెనక ఎవరో హారన్ కొడుతున్నా నాన్న కారు కదపలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. అది నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు, ఆ వెనక సీట్లో నేర్చుకున్నాను.

ఒక్కసారి మెట్లెక్కి వెళ్ళి, "తమ్ముడూ, తప్పయింది" అనుంటే సరిపోయేది. సాయంత్రం వెళ్తానన్నాడు. మర్నాడన్నాడు. శనివారం అన్నాడు. సిగ్గు మనిషిని ఎంత పిరికివాణ్ణి చేస్తుందో నాన్నను చూస్తే తెలిసేది. చివరకు అమ్మ ముద్దపప్పు, గోంగూర గిన్నెల్లో సర్ది నా చేత పంపింది. మా రెండిళ్ళ మధ్యా ఎప్పుడూ ఖాళీ గిన్నె తిరగలేదు, ఏమీ లేకపోతే ఇంత పంచదారైనా వేసి ఇచ్చేవాళ్ళు. ఆ రోజు ఆంటీ గిన్నెలు తోమి, తుడిచి, ఖాళీగానే నా చేతిలో పెట్టింది. అమ్మ వాటిని చూసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

అంకుల్‌కు వేరే ఉద్యోగం దొరకలేదు. తొలి మంచు పడకముందే వాళ్ళు వెళ్ళిపోయారు. నేను స్కూల్ నుంచి వచ్చేసరికి వాళ్ళ కిటికీలకు తెరలు లేవు. నాన్న వారం మార్చి వారం కాకుండా ఇక రోజూ మా కారే తీశాడు, వెనక సీట్లో దుప్పటంతా నాదే. ఎంత ఏడ్చానో! సింధు గొంతు మళ్ళీ వినలేదు.

ఏ పార్టీ గెలిచిందో కూడా నాన్న ఆ ఎన్నికల రాత్రి చూడలేదు. ఆ తర్వాత గ్రీన్‌కార్డు వచ్చింది, ఇల్లు కొన్నాం, సిటిజన్ అయ్యేసరికి ఆయన జుట్టు నెరిసిపోయింది. ఈ ఇంటి బేస్‌మెంట్‌లో ఇప్పుడు వ్యాయామం యంత్రం ఒకటి దుమ్ము పట్టి ఉంది. కుర్రాళ్ళు ఎన్నికల వాదన ఫోన్లలోనే కానిస్తారు, మొహం చూడకుండా తిట్టుకుంటారు. విందుల్లో ఎవరైనా "అంకుల్, మీ లెక్కలో ఎకానమీ ఎలా ఉంది?" అంటే నాన్న నీళ్ళ గ్లాసు వంకతో లేచిపోతాడు. రెండేళ్ళ కిందట కరీంనగర్‌లో సుధాకర్ అంకుల్ పోయారని ఎవరో చెప్పారు. నాన్న ఆ రోజు తలస్నానం చేసి, అన్నం ముట్టలేదు.

ఈసారి నాన్నకు మొదటి ఓటు. పోలింగ్ జరిగే స్కూల్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. లోపల చాలాసేపు ఉండి, ఓటేసినవాళ్ళకిచ్చే స్టిక్కర్ కోటుకు అంటించుకుని వచ్చి కార్‌లో కూర్చున్నాడు. ఏనుగు పార్టీ అంటే ఆయనకు ఇప్పటికీ ప్రాణం. గాడిద పార్టీవాళ్ళు టీవీలో కనిపిస్తే చాలు, గొణుగుతూ చానల్ మార్చేస్తాడు. అందుకే ఊరికే నవ్వులాటకి, "ఏనుగుకేనా నాన్నా?" అన్నాను.

"కాదమ్మా," అన్నాడు సీట్ బెల్ట్ కోసం తడుముకుంటూ. "సుధాకర్ ఓటు వేసొచ్చాను."