మా ఇంటి ముందు పలక పట్టుకున్న మనిషి

ఆగస్టు నెల, మూడో గురువారం. తెల్లవారినప్పటి నుంచి ముసురు.

హాజరైనవారు: అప్పీలు అధికారిణి, సమాచార అధికారి, అటెండరు, నేను.

నా తరఫున వచ్చినవారు: ఎవరూ లేరు.

ఆ రోజు డైరీ ఇలా మొదలైంది. బస్సు డిపోలో కంట్రోలరుగా పనిచేసినన్నాళ్లూ ఏ బస్సు వచ్చింది, ఎవరు నడిపారు, డ్యూటీకి ఎవరు రాలేదు అని రాసిన చెయ్యి నాది. రిటైరయ్యాక బస్సులు పోయాయి గాని అలవాటు పోలేదు. రోజూ ఇంటికి ఎవరొచ్చారో రాసుకునేవాణ్ణి. మాకు పిల్లలు లేరు. నా భార్య చనిపోయినప్పటి నుంచి చాలా పేజీల్లో ‘ఎవరూ రాలేదు’ అన్న ఒక్క మాటే ఉంటుంది.

ఆమె సంవత్సరీకానికి ఇంకా ఆరేడు నెలలుండగానే, గోడకు పెట్టడానికి ఫోటో లేదని తెలిసివచ్చింది. పెళ్లి ఫోటో ఉండేది. ఊరు ఖాళీ చేసి ట్రాక్టరు మీద సామాన్లు తెస్తున్నప్పుడు అద్దం పగిలి, వానకు తడిసి, ఇద్దరమూ చెరిగిపోయాం. ఆధార్ కార్డు మీది ఫోటో ఒకటి మిగిలింది. అందులో ఆమె చేయని తప్పుకు ఠాణాకు తీసుకొచ్చిన మనిషిలా బిత్తరపోయి చూస్తుంటుంది. స్టూడియోలో దాన్నే పెద్దది చేయించాను. ముఖం పెద్దదయినకొద్దీ భయం కూడా పెద్దదయింది. దాన్ని బీరువాలో బోర్లా పెట్టాను.

అప్పుడు గుర్తుకొచ్చింది ఆ ఇంకో ఫోటో.

మా ఊరు గోదావరి ఒడ్డున ఉండేది. బ్యారేజీ కట్టాక నీళ్ల కిందికి పోయింది. మా వీధివాళ్లలో కొందరం ఇప్పుడు లక్సెట్టిపేట దారిలోని పునరావాస కాలనీలో ఉంటున్నాం. తక్కినవాళ్లు ఎక్కడెక్కడికో పోయారు. ఊరు మునగక ముందు ఇళ్ల విలువ కట్టేవాళ్లు వచ్చి ప్రతి ఇంటికీ ఫోటో తీశారు. ఇంటివాళ్లు ఎవరో ఒకరు వాకిట్లో నిలబడి, ఇంటి నంబరు సుద్దతో రాసిన పలక పట్టుకోవాలి. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. సాయంత్రం ఇంటికి రాగానే ఆమె చెప్పింది: “ఫోటో దిగిన. బడిపోరి లెక్క పలక పట్టుకొని నిలవడ్డ.” ఆ ఫోటో మాకెవరూ చూపించలేదు. చూడాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు.

కాని అది ఎక్కడో ఉండాలి. జబ్బు పడకముందు, మా సొంత వాకిట్లో, ఎండలో నిలబడిన ఆమె ఒక సర్కారు ఫైలులో ఉండాలి. నాకు అది కావాలి. సంవత్సరీకం లోపల కావాలి.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాశాను. ఊరి పేరు, వీధి, ఇంటి నంబరు, ఫోటో తీసిన నెల, అన్నీ డైరీ చూసి రాశాను. కోర్టు ఫీజు స్టాంపు అంటించి రిజిస్టరు పోస్టులో పంపాను. పాత ఆదిలాబాద్ జిల్లా విడిపోయినప్పుడు ఫైళ్లు కూడా విడిపోయి తలా ఒక దిక్కుకు వెళ్లాయి. నా దరఖాస్తు కూడా వాటి వెంట తిరిగింది. ఒక ఆఫీసువారు తమ దగ్గర లేదని రాసి మరో ఆఫీసుకు పంపితే, వాళ్లు ఇంకో ఆఫీసుకు పంపారు. పంపిన ప్రతిసారీ నాకొక నకలు వచ్చేది.

ఆ ఉత్తరాలు వస్తుంటే బాగుండేది. పోస్ట్‌మన్ నా పేరు పిలిచేవాడు, సంతకం తీసుకునేవాడు, వాన గురించో ఎండ గురించో ఒక మాట అనేవాడు. కవరు మీద నా పేరు వెనక ‘గారు’ ఉండేది. దాన్ని వెంటనే చింపేవాణ్ణి కాదు. టేబుల్ మీద పెట్టి, అన్నం తిని, గిన్నెలు కడిగి, అప్పుడు విప్పేవాణ్ణి.

చివరికి దరఖాస్తు ఒకచోట ఆగిందని తెలిసి ఆ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి సమాచార అధికారి నన్ను ఎగాదిగా చూశాడు.

“ఎందుకు పెద్దమనిషీ, గా ఫోటోలు? పరిహారం కేసు మల్ల తిరగదోడుతరా?”

“ఎందుకో చెప్పే పని లేదు సార్. చట్టంల గట్లనే ఉన్నది,” అన్నాను.

నిజంగానే చట్టంలో అలా ఉంది. కారణం అడగకూడదు, చెప్పనక్కర్లేదు. అయినా ఎండన పడి వచ్చిన మనిషిని, ‘నా భార్య ఫోటో కోసం’ అని ఒక్క మాట అంటే పోయేదేముంది? నోరు రాలేదు. పరాయి ఆఫీసులో, ఫ్యాను కింద, నలుగురు వింటుండగా ఆ మాట అనబుద్ధి కాలేదు. ఆయన ఇంకేమీ అడగకుండా ఫైలు మూశాడు. పదిహేను రోజులకు జవాబు వచ్చింది: ఆ ఆల్బంలో ఇతరుల ఇళ్లు, ఇతరుల ఫోటోలు ఉన్నందువల్ల ఇవ్వడం కుదరదు.

దాని మీద అప్పీలు వేశాను. ఆ విచారణే ఈ గురువారం.

అప్పీలు అధికారిణికి నలభై ఏళ్లుంటాయి. నా కాగితాలు నేను పెట్టిన వరుసలోనే తిప్పి చూసింది. సమాచార అధికారి నిలబడి చెప్పుకొచ్చాడు: “మేడం, గీ ముంపు ఊర్ల కేసులు ఒక్కటి విప్పితే వంద వస్తయి. ఈయన ఎందుకో సుత చెప్తలేడు. అడుగుతె చట్టం చెప్తుండు.”

ఆమె నా వైపు చూసింది. “చట్టం ప్రకారం చెప్పనవసరం లేదు బాపూ. అడిగే హక్కు నాకు లేదు. కాని ఆల్బమంతా కావాల్నా, ఒక్క ఫోటో కావాల్నా? అది చెప్తె నాకు పని అల్కగైతది.”

తండ్రిని పిలిచినట్టు బాపూ అన్నందుకో, అడిగే హక్కు లేదన్నందుకో, నాకు నోరు వచ్చింది.

“ఒక్కటే మేడం. పలక పట్టుకొని నిలవడ్డది నా భార్య. పోయిన ఏడాది చనిపోయింది. ఇంట్ల పెట్టుకుందమంటే ఫోటో లేదు.”

సమాచార అధికారి చేతిలోని ఫైలు టేబుల్ మీద పెట్టి, “గీ ముచ్చట ముందుగాలనే చెప్తె అయిపోవు గద సార్,” అన్నాడు. కోపంతో అనలేదు. అటెండరును పిలిచి ఆల్బం తెమ్మన్నాడు.

అటెండరు నా ఈడువాడిలాగే ఉన్నాడు. గడ్డానికి గోరింటాకు పెట్టుకున్నాడు. గుడ్డలో కట్టిన ఆల్బం తెచ్చి, ముడి విప్పి, దుమ్ము నా మీద పడకుండా అటు తిరిగి దులిపాడు. “కూర్చోండ్రి పెద్దసాబ్. ఫికర్ చెయ్యకుండ్రి, ఉంటే గీ ఆల్బంలనే ఉంటది,” అంటూ నా పక్కనే నిలబడ్డాడు.

ఇళ్ల నంబర్ల వరుసలో ఫోటోలు అంటించారు. అంటే వీధి ఎలా ఉండేదో అలాగే. నేరుగా మా నంబరు తీయవచ్చు గాని, నేను ఊరి నడుమ బొడ్రాయి దగ్గరి మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాను. ఎవరూ తొందరపెట్టలేదు. చెవి సందున బీడీ పెట్టుకున్న పెద్దమనిషి, గుండెల మీద పలక. చంకన పిల్లను ఎత్తుకున్న కోడలు, ఆ పిల్ల చేతిలో పలక. ఒక ఫోటోలో మనిషి పక్కన బర్రె తోక మాత్రం వచ్చింది. కూలిన గోడలు, గూనపెంకలు, వాకిట్లో ముగ్గులు అన్నీ ఉన్నాయి. ఆ వీధిలో నేను ముప్పయ్యేళ్లు సైకిలు మీద పోయాను. ఇప్పుడు వేలితో పోతున్నాను.

తర్వాతి పేజీలో మా ఇల్లు.

మా దర్వాజ, మా అరుగు, అరుగు మీద చాటలో ఎండుమిరపకాయలు. దండెం మీద నా ఖాకీ చొక్కా ఆరేసి ఉంది. వాకిట్లో ఆమె నిలబడి ఉంది. ఆకుపచ్చ గాజులు, బొడ్లో దోపిన కొంగు, చెప్పులు లేని కాళ్లు. ముఖం ఉండవలసిన చోట పలక ఉంది. రెండు చేతులతో ఎత్తి, నుదుటి నుంచి గడ్డం దాకా అడ్డం పెట్టుకుంది. పలక మీద నంబరు మాత్రం తప్పు లేకుండా, స్పష్టంగా ఉంది.

నేను ఆల్బం దగ్గరికి లాక్కున్నాను. దగ్గరికి లాక్కుంటే పలక పక్కకు జరుగుతుందా?

అటెండరు పేజీ తిప్పాడు. మా పక్కింటి ఫోటోలోనూ పలక ముఖానికి అడ్డంగానే ఉంది. దాని తర్వాతి ఇంట్లోనూ అంతే. అక్కడి నుంచి వీధి చివర దాకా ఆడవాళ్లందరూ ముఖాలకు పలకలే పెట్టుకున్నారు.

“యా అల్లా, గిదేం గల్లీ సాబ్? అందరు నకాబ్ ఏస్కున్నట్టున్నరు!” అన్నాడు. అని, నా ముఖం చూసి, నవ్వు ఆపుకున్నాడు.

అధికారిణి లేచి వచ్చి చూసింది. “ఫోటో తీసినోళ్లు సుత ఏమనలేదా? ఆఫీసుకు నంబరు కావాలె, నంబరొచ్చింది. అంతే చూసుకున్నట్టున్నరు,” అని, నా వైపు తిరిగి, “ముఖం కనిపిస్తలేదు కద బాపూ. మీకు పనికొస్తదా?” అంది.

“ఇయ్యండి మేడం,” అన్నాను.

నకలు తీసి, అడుగున ‘అసలుతో సరిపోల్చడమైనది’ అని ముద్ర వేసి ఇచ్చారు. అటెండరు దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, నాకు చాయ్ తాగించి, బస్సు ఎక్కేదాకా గొడుగు పట్టాడు. బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. సంచి ఆ సీటు మీద పెట్టలేదు, ఒళ్లో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి లైటు వేసి, ఫోటోను టేబుల్ మీద నీళ్ల చెంబుకు ఆనించి, దాని ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. గాజులు ఆమెవే, కాళ్లు ఆమెవే. ఎందుకు దాచుకుందో అడగడానికి మనిషి లేదు. ఆ రోజు నాతో ముఖం దాచుకున్నానని చెప్పలేదు. నేనూ అడగలేదు. డైరీలో ‘విచారణ ముగిసింది. నకలు ముట్టింది’ అని రాసి, ఇంకేం రాయాలో తెలియక మూసేశాను.

మర్నాడు పొద్దున, ముసురు పడుతుండగానే, ఎదురింటామె కొంగు తలమీద కప్పుకుని వచ్చింది. పాత ఊళ్లో మా ఇంటికి ఐదో ఇల్లు ఆమెది. నా భార్యను అక్కా అని పిలిచేది కాబట్టి నేను ఆమెకు బావను. అక్క పోయాక మా ఇంటి వైపు రావడం తగ్గించింది. ఒంటరి మగవాడి ఇంటికి ఊరికే రావడం బాగుండదనుకుందేమో.

గడపలో నిలబడే అంది: “నిన్న ఇస్త్రీ బట్టలేస్కొని వానల ఎటు పోయినవ్ బావా? పిల్లను సూడవోయినవా ఏంది?”

“పోయిన. తెచ్చిన సుత. అగో, సూడు,” అని టేబుల్ వైపు చూపించాను.

ఆమె దగ్గరికొచ్చి వంగి చూసింది. “అవ్వో! మా అక్క!” అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ వెంటనే నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే వెనక్కి వెళ్లి గడప మీద కూలబడింది.

“ఎందుకు నవ్వుతున్నవ్? ముఖమే లేదు, నవ్వుడేంది?”

“నీకు చెప్పలేదా? గా పొద్దు అక్క ముక్కుపుల్ల మర ఊడిపోతే బాగు చెయ్యమని బంగారం పనిచేసే అవుసలాయనకు ఇచ్చింది. గప్పుడే ఫోటోలోళ్లు వచ్చిండ్రు. ‘బోడ ముక్కుతోని ఎట్ల దిగుదు పిల్లా, సర్కార్ల ఎప్పటికి ఉంటదట’ అన్నది. పలక లేపి మూతికి అడ్డం పెట్టుకున్నది. వాడేమనలే, టక్కున కొట్టిండు. మేమంత సూస్తున్నం. గట్లనే పట్టుకోవాలె కావచ్చు అనుకున్నం. కంట్రోలర్ పెండ్లాం గద, రూలు ఎర్కుంటది అని!”

నాకు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను. ఆ ఇంట్లో నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నీకు చెప్తె డైరీల రాస్తవ్ గద!”

టేబుల్ మీది డైరీని చేత్తో పక్కకు జరిపాను. ఆమె మళ్లీ ఫోటో వైపు చూసింది.

“సంవత్సరీకానికి గోడకు గిదే పెట్టు బావా.”

“ముఖం లేని ఫోటోకు దండ ఎట్లేస్తం?”

“పలకకు ఎయ్యి. ఏమైతది?” అని లేచింది. లేచి, వెళ్లకుండా నిలబడింది. “నాది సుత ఉన్నదా ఆడ?”

“ఉన్నది. నీదీ ముఖం లేదు.”

“ముఖమెందుకు, అద్దంల సూస్కుంట. మా దర్వాజ కనవడ్తదా? మా మామ చెక్కిచ్చిన దర్వాజ?”

కనిపిస్తుందన్నాను. ఆమె తిరిగి గడప మీద కూర్చుని, “అయితె నాకో దరఖాస్తు రాయి,” అంది.

తెల్లకాగితం తీసుకుని ఊరు, వీధి, ఇంటి నంబరు రాశాను. నంబరు నేను అడగకముందే చెప్పింది. కింద చోటు మిగిలితే, వంగి చూస్తూ, “ఎందుకు కావాల్నో రాసినవా?” అని అడిగింది.

“అది రాయనక్కరలేదు. చట్టంల లేదు.”

“చట్టంల లేకుంటె లేకపాయె. అడుగుతున్నది నేను గద. రాయి, మా దర్వాజ ఒక్కపారి సూస్కుంటందుకని రాయి.”

ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. వేలిముద్ర వేసి, సిరా కొంగుకు తుడుచుకుని, పొయ్యి మీద అన్నం ఉందంటూ వానలోకి వెళ్లిపోయింది. ఇల్లు మళ్లీ సద్దుమణిగింది. నేను స్టాంపు అంటించడానికి గిన్నెలో నీళ్లు తెచ్చుకున్నాను.