మంటను చూసే తీగ

సార్ పోయిండ్రని ఫోన్ వచ్చినప్పుడు నేను రామారెడ్డి ఊర్ల ఒకరి కోళ్ల షెడ్డుకు గ్యాస్ హీటర్ బిగిస్తున్న. పొద్దున పది దాటింది. ఫోన్ చేసింది సార్ భార్య. ఆమెను మేమంతా అమ్మా అనే పిలుస్తం. గొంతు మామూలుగనే ఉన్నది.

"మీ సార్ తెల్లారంగ దవఖాన్లనే పోయిండు బిడ్డా. గుండె ఆగిపోయిందన్నరు. పొద్దుగూకకముందే తీస్కపోతరు. నువ్వు రా."

"వస్తున్న అమ్మా" అన్న. ఫోన్ పక్కకు పెట్టిన.

హీటర్‌ను నడిపే డబ్బ మూత తీసి ఉన్నది. నేలలకు పోయే ఎర్తు తీగ ఇంకా కలపలే. షెడ్డు ఆయన నా ముఖం చూసి, "నువ్వు పోయిరా అక్కా, మిగిలింది తర్వాత చూస్కుందం" అన్నడు. కానీ తెల్లారితే ఆయన షెడ్డుకు కోడిపిల్లలు వస్తున్నయి. కూసున్న. ఎర్తు కలిపిన, మీటరు పెట్టి చూసిన, మూడుసార్లు మంట వెలిగించి ఆర్పి చూసిన. ఆ తర్వాతనే కామారెడ్డి బస్సెక్కిన. మనిషి పోయిండని తెలిసి కూడ గంటసేపు పని చేసిందేంది అని ఎవరన్న అనుకుంటరేమో. ఎందుకు చేసిన్నో చెప్పాలంటే సార్ సంగతి చెప్పాలె.

కామారెడ్డిలో మా పుట్టిల్లు, సార్ వాళ్లిల్లు ఒకే గోడకు అటూ ఇటూ. ఆయన ఐటీఐలో కరెంటు పని నేర్పే సార్. రిటైరైనంక గూడ గల్లీ మొత్తానికి సారే. ఎవరింట్ల ఫ్యాను ఆగినా, మోటరు కాలినా ఆయన్నే పిలిచేది. వచ్చేటప్పుడు అంగీ జేబుల పెన్ను పక్కన టెస్టరు. పని మొదలు పెట్టకముందు చేతి గడియారం, ఉంగరం తీసి దస్తీల ముడేసి ఇంటామె చేతిలో పెట్టేటోరు. "ఇది ఇప్పుడు నీ జిమ్మ, నువ్వే కాపాడాలె" అనేటోరు. చిన్నప్పుడు అదేదో లాంఛనం అనుకునేదాన్ని. కరెంటు దగ్గర చేతికి లోహం ఉండొద్దని తర్వాత తెలిసింది.

నన్ను ఎల్లారెడ్డి దిక్కు ఒక పల్లెకిచ్చిండ్రు. రెండువేల పదిలో మా ఆయన చెల్క పక్కన కోళ్ల షెడ్డు వేసిండు. ఒక్కరోజు వయసు కోడిపిల్లలు అట్టపెట్టెలల్ల వస్తయి. వాటికి మొదటి రెండు వారాలు తల్లి రెక్కల కింది వెచ్చదనం మనమే పెట్టాలె. మేము కుండలల్ల బొగ్గులు రాజేసి పెట్టేది. పొగకు నా కండ్లు మండేవి, పిల్లలకు దగ్గు పట్టేది. వేడి ఒక్కదగ్గర ఎక్కువ, ఒక్కదగ్గర తక్కువ. చలికి అన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. కిందివి ఊపిరాడక పోయేవి. మొదటి చలికాలం నేను పిల్లల్ని గంపలకు గంపలు ఎత్తి బొంద పెట్టిన.

మరుసటేడు గ్యాస్ హీటర్ కొన్నం. అమ్మినోళ్లు డబ్బలు దింపి, బిగించే మనిషి వారం తర్వాత వస్తడని చెప్పి పోయిండ్రు. పిల్లలేమో రెండు రోజులల్ల వస్తున్నయి. నాకు సార్ యాదికొచ్చిండ్రు.

"నేను కోళ్లది ఎన్నడు చూడలే బిడ్డా" అన్నరు ఫోన్ల. "దానితోని కాగితం ఇచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు సార్. అంతా ఇంగ్లీషుల ఉన్నది."

"పారెయ్యకు. పొద్దుగాల బస్సుకు వస్త."

వచ్చి దాణా బస్తా మీద కూసొని ఆ కాగితం అరగంట చదివిండ్రు. ఒక్క మర ముట్టలే. మా ఆయనకు ఓపిక తక్కువ. అటూ ఇటూ తిరుగుతుండు. సార్ తలెత్తి, "షెడ్డుల ఎక్కువసేపు ఉండేది ఎవరు?" అని అడిగిండ్రు.

"ఆమెనే సార్. నేను పొలం, మార్కెట్టు చూసుకుంట."

"అయితే ఆమె దగ్గరికి రావాలె. నువ్వు దూరం ఉన్నా ఏం కాదు."

నేను పది ఫెయిలైనదాన్ని. లెక్కలల్ల పోయింది. ఆ సంగతి సార్‌కు తెలుసు, అయినా ఎన్నడూ ఎత్తలే. డబ్బ మూత తీసి ఒక్కొక్కటే చూపెట్టిండ్రు. "ఇది పెద్ద చదువు గాదు. నీ వంటింట్ల నువ్వు రోజూ చేసేదే ఇది చేస్తది. చల్లగైతే ముందు ఫ్యాను తిరుగుతది, పాత గాలి పోవాలె. తర్వాత ఈ పుల్ల దగ్గర నిప్పురవ్వ లేస్తది. అప్పుడు గ్యాస్ తలుపు తెరుచుకుంటది. మంట అంటుకుంటే సరే. అంటుకోకుంటే నాలుగు సెకండ్లు గూడ ఆగది, తలుపు మూసేస్తది."

"అంటుకున్నదని దానికెట్ల తెలుస్తది సార్?"

ఆయన ముఖం వెలిగింది. బడిలో పిల్ల అడగాల్సిన ప్రశ్న అడిగినట్టు. మంటలోకి చాచి ఉన్న సన్నని లోహపు పుల్లను, దాని వెనక తీగను చూపెట్టిండ్రు. "మంటల నుంచి చిటికెడు కరెంటు పారుతది. ఈ పుల్ల నుంచి మంట, మంట నుంచి పొయ్యి ఇనుము, ఇనుము నుంచి ఎర్తు. అంత దూరం తిరిగొస్తేనే డబ్బ నమ్ముతది. ఇది దాని కన్ను."

రవ్వ లేచే సందు ఎంత ఉండాలంటే పెసరగింజ పట్టేంత అన్నరు. నిజంగనే ఇంట్లకు పంపి పెసరగింజ తెప్పించి పెట్టి చూసిండ్రు. ఈ పుల్ల తీగ, ఆ రవ్వ తీగ ఒక్కదాన్నొకటి తాకకుండ దూరం దూరంగ కట్టిండ్రు. గ్యాస్ పైపు అతుకులకు సబ్బు నురుగు రాసి, బుడగ లేస్తదేమో అని మోకాళ్ల మీద కూసొని చూసిండ్రు. అయిపోయేసరికి పొద్దు వాలింది. ఆఖరి బస్సు వచ్చే యాల్ల. ఎర్తు తీగను షెడ్డుకు ముందే ఉన్న పాత ఎర్తుకు కలిపి మీట నొక్కిండ్రు. టకటకమని, భగ్గున మంట. నేను చేతులు చాపి నిలబడ్డ. పొగ లేని వెచ్చదనం అదే మొదటిసారి చూసుడు.

ఆ విడత ఒక్క పిల్ల గూడ చలికి పోలే. రెండో విడత ఫిబ్రవరిలో వచ్చింది. అప్పుడు మొదలైంది. మంట అంటుకుంటది, ఆరిపోతది. మళ్ల అంటుకుంటది, ఆరిపోతది. మూడుసార్లయినంక ఎర్ర లైటు వేసుకొని మొండికేస్తది. రెండు రోజులు మీట నొక్కీ నొక్కీ నా వేలు నొచ్చింది. మా ఆయన తనకు తెలిసినాయన్ని ఒకర్ని తోలుకొచ్చిండు. ఆయన డబ్బను పక్కకు పెట్టి, గ్యాస్ తలుపుకు నేరుగ కరెంటు కలిపిండు. "అగ్గిపుల్లతోని ముట్టించుకోండ్రి, ఆరేదే ఉండది" అన్నడు. నిజమే, ఆరలే. మంట ఆరినా ఇగ గ్యాస్ తలుపు మూసుకోదని నాకు తట్టలే. సార్‌కు చెప్పాలంటే నాకు మొఖం చెల్లలే.

నాలుగో రోజు తెల్లారి షెడ్డుకు పోయేసరికి పిల్లలన్నీ మూలకు చేరి ఉన్నయి. మంట లేదు. పక్కకు కట్టిన గుడ్డ పరదా కొట్టుకుంటున్నది, గాలికి ఆరినట్టుంది. అగ్గిపెట్టె నా చేతిలనే ఉన్నది. ముట్టించబోతూ, ఎందుకో కోపమొచ్చింది, సార్ మీద. రెండు నెలలు గాకముందే పాడైంది గదా అని. దర్వాజల నిలబడి ఫోన్ చేసిన.

"మీ డబ్బ పనిచేస్తలేదు సార్. తీసేసి అగ్గిపుల్లతోని ముట్టిస్తున్నం. ఇప్పుడు అదిగూడ ఆరిపోయింది."

"వాసనొస్తున్నదా?"

"కొంచెం. కింద కూసుంటే ఎక్కువొస్తున్నది."

"ఎక్కడున్నవు?"

"దర్వాజల."

"బయటికి నడువు. మాట్లాడుకుంటనే నడువు. అగ్గిపెట్టె పారేసినవా?"

పారేసిన. ఆయన గొంతు పెంచలే. నాకు అన్నం పెట్టుమని చెప్పినంత నిమ్మళంగ చెప్పిండ్రు. సిలిండరు బయట గోడకే ఉన్నది గనుక ముందు అది బందు చేయించిండ్రు. ఏ స్విచ్చూ ముట్టొద్దన్నరు, వేసిందాన్ని ఆర్పొద్దు, ఆర్పిందాన్ని వెయ్యొద్దు. తాళ్లు గుంజి రెండు దిక్కుల పరదాలు ఎత్తుమన్నరు.

"పరదాలెత్తితే పిల్లలు చలికి చస్తయి సార్" అని ఏడ్చిన.

"పిల్లలు మళ్ల వస్తయి. నువ్వు రావు. ఎత్తు."

ఆ పొద్దు చాన పిల్లలు పోయినయి. నేను మిగిలిన.

మధ్యాహ్నం కాకముందే సార్ దిగిండ్రు. మా ఆయన ఎదురుపోయి, "మీ డబ్బ మాకొద్దు సార్, దానివల్లనే ఇదంతా" అన్నడు. సార్ లోపటికి పోయి, నేరుగ కలిపిన తీగను కత్తిరించి జేబుల వేసుకున్నరు. మీటరు తీసి డబ్బ చూసిండ్రు, పుల్ల చూసిండ్రు, ఆఖరుకు షెడ్డు ఎనకకు పోయి ఎర్తు చూసిండ్రు. అక్కడ్నే కూసొని ఎండిన మట్టిని వేళ్లతోని నలిపి చూసిండ్రు. తర్వాత లేచొచ్చి, మా ఆయన ముందు, అప్పటికే చేరిన నలుగురు వాడకట్టోళ్ల ముందు అన్నరు.

"డబ్బ మంచిగనే ఉన్నది. తప్పు నాది. ఆ పొద్దు బస్సు పోతదని పాత ఎర్తును పరీక్ష చెయ్యకుండ కలిపిన. అప్పుడు నేల తడి ఉండె, నడిచింది. ఇప్పుడు ఎండింది, డబ్బకు మంట కనవడుతలేదు. కనవడకుంటే ఆపుడు దాని ధర్మం. అది ఆపింది. నేనే ఆగలే."

అరవై దాటిన మనిషి, ఎందరికో చదువు చెప్పిన మనిషి, ఆ మాట అనాల్సిన పనే లేదు. అనకుంటే మాకెవరికీ తెలిసేది గాదు. మా ఆయన తల దించుకున్నడు. కొద్దిసేపటికి పోయి గడ్డపార తెచ్చిండు. ఇద్దరు కలిసి షెడ్డు ఎనక మనిషి లోతు గుంత తవ్విండ్రు. పైపు దింపి, చుట్టూ బొగ్గు ఒక వరుస, ఉప్పు ఒక వరుస పోసిండ్రు. "చెట్టుకు పోసినట్టే దీనికి నీళ్లు పొయ్యాలె బిడ్డా. ఎండకాలం మరువకు" అన్నరు నాతోని. ఆ రాత్రి బస్సు సంగతి ఎత్తలే. మా ఇంట్లనే ఉండి జొన్నరొట్టె తిని, తెల్లారి మంట నిలబడ్డదని చూసినంకనే కదిలిండ్రు.

పోయేటప్పుడు డబ్బను మొత్తం విప్పి నా ముందు పెట్టిండ్రు. "ఇప్పుడు నువ్వు కలుపు. నేను చాయ తాగుత." సాసర్ల పోసుకొని ఊదుకుంట కూసున్నరు. రెండుసార్లు తప్పు కలిపిన. తప్పు కలిపినప్పుడల్ల ఊదుడు ఆపేటోరు, అంతే. మూడోసారి చాయ మొత్తం తాగేసిండ్రు.

అట్ల నాకు పని వచ్చింది. ముందు మహమ్మద్‌నగర్‌లో మా చుట్టపాయన షెడ్డు, తర్వాత సదాశివనగర్ దిక్కు రెండు. ఆడమనిషి ఏం బిగిస్తదని నవ్వినోళ్లున్నరు. సార్‌కు చెప్పుకుంటే, "మంటకు బిగించింది ఎవరో తెల్వదు, బిగువు తెలుస్తది" అన్నరు. ప్రతి కొత్త షెడ్డు సంగతి ఫోన్ చేసి చెప్పేది. ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే, "ఎర్తు చూసినవా?" ఒకసారి విసుగొచ్చి, "ఎన్నిసార్లు అడుగుతరు సార్" అన్న. "నన్ను నేను అడుక్కుంటున్న బిడ్డా" అన్నరు. ఇగ ఎన్నడూ విసుక్కోలే.

మా షెడ్డు కోడికూర మాత్రం ఎన్నడూ ముట్టలే. కోడంటే ఆయనకు పాణం, ఇంకెక్కడిదైనా తినేటోరు. మేము వండితే పక్కకు జరిపేటోరు. "వీటికి వెచ్చపెట్టింది నేను. మళ్ల పొయ్యి మీద పెట్టింది తినాలంటే నోరు రాదు" అనేటోరు. మా ఆయన నవ్వి పప్పు వడ్డించుమనేటోడు.

ఆ రోజు బస్సు దిగి నేను పోయేసరికి ఇంకా తీస్కపోలే. చూడనైతే చూసిన. దండం పెట్టిన. ఆలస్యమెందుకైందని ఎవరూ అడగలే.

పదకొండో రోజు చుట్టాలంతా పోయినంక అమ్మ నన్ను స్నానాల గదికి తోలుకపోయింది. గోడకు గ్యాస్ గీజరు ఉన్నది. "మీ సార్ దవఖాన్ల పడ్డకాన్నుంచి ఇది అంటుకుంటలేదు. ఎవరికి చెప్పాలెనో తెల్వలే. చన్నీళ్లే పోసుకుంటున్న" అన్నది. మూత తీసిన. సెల్లులు ఉబ్బి చీమిడి కారినయి. మంటను చూసే పుల్లకు నల్లగ మసి పట్టింది. సన్న గరుకు కాగితంతోని రుద్దిన, సెల్లులు మార్చిన, గాజులు ఎనకకు తోసుకొని మూత బిగించిన.

"ఇప్పుడు నల్ల తిప్పమ్మా."

తిప్పింది. టకటకమన్నది. చిన్న కిటికీ ఎనక నీలం మంట నిలబడ్డది. అమ్మ నల్ల కింద చెయ్యి పెట్టింది. నీళ్లు చల్లగ, తర్వాత గోరువెచ్చగ, తర్వాత వేడిగ పారినయి. బకీటు నిండింది, అంచు మీద నుంచి పొర్లింది. అమ్మ చెయ్యి తియ్యలే. నేనూ నల్ల కట్టెయ్యమనలే.