బీకరు మీద బోర్లించిన గిన్నె

మా ఇంట్లో నేను శాస్త్రవేత్తనని నమ్మింది నేనొక్కడినే. యూనివర్సిటీలో ఎండకు బదులు వాడే దీపాల పెట్టె చెడిపోతే, "నల్లగొండలో ఎండకేం కరువు" అన్నారు మా గైడు. అట్లా నా పరిశోధన మా కిరాయి ఇంటి డాబా ఎక్కింది.

నేను చేసిన తెల్లటి పొడిలో ప్రతి రేణువూ బూరె లాంటిది. లోపల జింక్ ఆక్సైడు, పైన టైటానియం డయాక్సైడు పూత. ఎండ తగిలితే రేణువులో విద్యుదావేశాలు పుడతాయి. అవి వెంటనే కలిసిపోకుండా పూత అడ్డుపడితే, ఆ సందులో నీళ్లలోని అద్దకపు రంగును విరగ్గొడతాయి. విరగ్గొడితే నాకు థీసిస్. లేకుంటే ఇన్నేళ్ల చదువూ మట్టిపాలు.

నీలం అద్దకపు రంగు కలిపిన నీళ్లు రెండు బీకర్లలో పోసి, ఒకదాంట్లో పొడి కలిపాను. రెండోది పోల్చుకోవడానికి ఉత్తగా ఉంచాను. కిందికి దిగి హాయిగా కునుకు తీశాను. సాయంత్రం చూస్తే పొడి వేసింది తేటగా ఉంది, ఉత్తది నీలంగానే ఉంది. వెంటనే గైడుకు ఫొటో పంపాను. ఆయన డిపార్ట్‌మెంటంతా చెప్పారు. సన్మానంలో ఏ రంగు శాలువా నాకు నప్పుతుందో అద్దం ముందు నిలబడి ఆలోచించాను కూడా.

అన్నం వడ్డిస్తూ అమ్మ అంది: "దుమ్ము పడతదని నీ నీళ్ల మీద గిన్నె బోర్లించిన కొడుకా. పొద్దుగూకంగ తీసిన."

కంచం పక్కకు జరిపాను. "దేని మీద?"

"పొడి ఎయ్యని దాని మీద. మందు కలిపిన నీళ్లకు మూతెందుకు, ఎవలు తాగుతరు?"

అమ్మది మర్రిగూడ. ఫ్లోరైడు నీళ్లు తాగి మోకాళ్లు వంకరపోయిన మనిషి. మంచినీళ్లు దూరం నుంచి మోసుకొచ్చుకునే ఇంట్లో పెరిగింది కాబట్టి, మూత లేని నీళ్లు కనబడితే ఆమె చెయ్యి ఆగదు. ఆ కాళ్లతోనే మెట్లెక్కి నా బీకరుకు ఎండ తగలకుండా కాపాడింది. రంగు పోయింది నా పొడి వల్లనో, ఉత్త ఎండ వల్లనో ఇక చెప్పలేను. కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

గైడుకు ఫోన్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "మళ్లీ చెయ్యి. ఈసారి పక్కనే కూర్చో" అన్నారు.

మర్నాడు గొడుగు వేసుకుని బీకర్లకు కాపలా కాశాను. భయపడ్డంతా అయింది. పొడి లేని నీళ్లు కూడా వెలిసిపోసాగాయి. నా డిగ్రీ ఏదో ఎండకే ఇచ్చేస్తే పోయేదనిపించింది. అయితే పొడి వేసింది ముందుగా తేటబడింది. రెండోది లేత నీలం దగ్గరే ఆగింది. తేడా చిన్నదే కానీ నిజమైనది.

అమ్మ పైకొచ్చి చూసింది. "రెండూ పలుచబడ్డయి. మరి నీ పొడి ఏం చేసినట్టు?"

"జర ముందుగాల చేసిందమ్మా."

"మా ఊరి నీళ్లల్ల ఏస్తే?"

"పనిచెయ్యదు. రంగునే విరగ్గొడుతది. ఫ్లోరైడు దీనితోని పోదు."

చెబుతుంటే సిగ్గేసింది. నీళ్లు బాగుచేస్తానని బయలుదేరి, అమ్మకు పనికిరాని విద్యనే ఏరుకుని నేర్చుకున్నాను.

అమ్మ కిందికి పోయి గిన్నె తెచ్చి, ఈసారి నా పొడి వేసిన బీకరు మీద బోర్లించింది.

"అవి తాగే నీళ్లు కావమ్మా" అన్నాను.

"ఎరుకే," అంది. "మంచిగైనయి గదా."