ఏటి ఒడ్డు పబ్బులో నేను తినకూడని రొట్టె

మా మనవరాలు నీలిమ తన నిశ్చితార్థం పబ్బులో జరగాలని చెప్పినప్పుడు నా చేతిలోని కాఫీ గ్లాసు కింద పడలేదు. కొత్త కార్పెట్ మీద అలాంటి నాటకాలు మా అమ్మాయి ఒప్పుకోదు. "మన ఎడిసన్‌లో హాళ్ళన్నీ కూలిపోయాయటే?" అని మాత్రం అడిగాను. సంగతేమిటంటే, పెళ్ళికొడుకు ఈథన్ పుట్టి పెరిగింది డెలావేర్ నది ఒడ్డున ఉన్న ఆ పబ్బులోనే. తరతరాలుగా వాళ్ళదే. అతని నాయనమ్మ మార్తా ఈ పెళ్ళి మొత్తానికి కోరిన కోరిక ఒక్కటి, తాంబూలాలు తమ ఇంటి బల్ల మీద మార్చుకోవాలని. మా అమ్మాయి తెలివిగా తప్పుకుంది. "అమ్మ చూసి సరేనంటే సరే, వద్దంటే వద్దు" అంది. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, చూడకుండా తీర్పు చెప్పే అలవాటు లేదు. చూసి వద్దని చెబుదామని బయల్దేరాను.

శనివారం పది గంటలకు కారెక్కాం. ఎడిసన్ నుంచి 287వ నంబరు హైవే మీద పైకి వెళ్ళి, 202 పట్టుకుని లాంబర్ట్‌విల్ చేరాలి. అక్కణ్ణుంచి 29వ నంబరు రోడ్డు నదిని ఆనుకునే పోతుంది. అంతా కలిపి గంటా పావు. నది దాటి పెన్సిల్వేనియాలోకి పోకపోతే టోల్ లేదు. రైలు ఆ వైపు రాదు కాబట్టి కారు లేనివాళ్ళు కారున్న మనవరాల్ని సంపాదించుకోవాలి. "అమ్మమ్మా, ప్లీజ్, జడ్జ్ చేయకు, ఓకే?" అంది నీలిమ. "అందుకే కదే మీ అమ్మ నన్ను పంపింది" అన్నాను. దారి మాత్రం అందంగా ఉంది. గోదావరి ఒడ్డున పుట్టినదానికి ఇంకో నదిని మెచ్చుకోవడం కొంచెం కష్టమే, అయినా మెచ్చుకున్నాను.

రాతి గోడలు, నీలి రంగు తలుపు, వెనకాల మెట్లు దిగితే నీళ్ళు. వంతెనలు లేని రోజుల్లో ఇది పడవల రేవట. అవతలి ఒడ్డుకు పోయేవాళ్ళు ఇక్కడ ఆగి, తిని, తాగి, గాలివాన తగ్గేదాకా పడుకునేవారు. వసంతంలో పైనుంచి దుంగల తెప్పలు వచ్చేవి, వాటి మీద మనుషులు ఆకలితో దిగేవారు. మెట్ల పక్క గోడకి వరుసగా ఇత్తడి మేకులు కొట్టి ఉన్నాయి. ఒక్కొక్క మేకు ఒక్కొక్క వరద. అన్నిటికన్నా పైనున్నది నా తల మీద ఇంకో జానెడు ఎత్తున ఉంది. దాని కింద నిలబడి ఊపిరి బిగపట్టాను, ఎందుకో.

లోపల ఒకే మానును కోసి చేసిన పొడవాటి బల్ల. ఎన్ని చేతులు రాస్తే అంత నునుపు వస్తుందో! పబ్బు సంగతి కాసేపు మరిచిపోయాను. పసుపు కుంకుమలు, కొబ్బరిబోండాలు, చీరల పళ్ళేలు దాని మీద వరసగా కనిపించాయి. "బల్ల బాగుంది. నీ అదృష్టం. సరే" అన్నాను. నీలిమ నా మెడ పట్టుకు వేళ్ళాడి, వెంటనే వాళ్ళమ్మకి మెసేజ్ పెట్టేసి, మార్తాని పిలుచుకొస్తానని వంటింట్లోకి పరుగెత్తింది.

నాకు షుగర్. పదకొండున్నర దాటితే ఏదో ఒకటి నోట్లో పడాల్సిందే. నది వైపు కిటికీ గట్టు మీద చిన్న పళ్ళెంలో ఒక రొట్టె ముక్క, చిటికెడు ఉప్పు, పక్కన గ్లాసుతో నీళ్ళు పెట్టి ఉన్నాయి. ఎంత శుచిగా పెట్టారో! శాకాహారి ముసలావిడ వస్తోందని మనవడు చెప్పి ఉంటాడనుకుని, మన అలవాటు కొద్దీ కళ్ళకద్దుకుని, ఉప్పులో అద్దుకుని మొత్తం తినేశాను. నీళ్ళు కూడా వదల్లేదు.

మార్తా టమాటా సూప్ గిన్నెలతో వచ్చింది, వెనకే నీలిమ. మార్తాది నా వయసే, నాకన్నా నిటారుగా ఉంది. నమస్కారం పెట్టబోతూ కిటికీ వైపు చూసి ఆగిపోయింది.

"రొట్టె ఏమైంది?"

"చాలా బాగుంది. ఉప్పే విడిగా ఎందుకు పెట్టారో తెలియలేదు."

ఆవిడ గిన్నెలు కింద పెట్టి కూర్చుంది. "అది నీళ్ళలో పోయినవాళ్ళది" అంది.

నాకు ఇంగ్లీషు బాగానే వచ్చు. ఆ ఒక్క క్షణం రాకపోతే బాగుండుననిపించింది.

పడవలు తిరగబడినప్పుడు, తెప్పలు విడిపోయినప్పుడు, శవాలు ఈ మలుపు దగ్గరే ఒడ్డుకు కొట్టుకొచ్చేవట. ఊళ్ళో ఇంకో పెద్ద గది లేదు కాబట్టి అధికారి వచ్చి విచారణ చేసేదాకా ఇక్కడికే తెచ్చేవారు. ఈ ఇంటి ఆడవాళ్ళు ఆ శరీరాల్ని కడిగి, గుడ్డ కప్పి, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని కాపలా కూర్చునేవారు. చాలామందికి ఎవరూ రాలేదు. వాళ్ళ పేరున రోజూ మధ్యాహ్నం ఆ కిటికీలో రొట్టె పెడతారు, సాయంత్రం నీళ్ళలో వదులుతారు.

"ఇక్కడికంటే, ఎక్కడ పడుకోబెట్టేవారు?" అన్నాను.

"మీ మోచేతులు ఆనించిన బల్ల మీదే."

మోచేతులు తీశాను. నీలిమ ముఖం తెల్లబోయింది. "అమ్మమ్మా, ఐ స్వేర్, ఇది నాకు తెలీదు!" అంది. నేను వెనక మెట్ల మీదకు వెళ్ళి నిలబడ్డాను. శుభం, అశుభం కలవకూడదని తెలిసిన ఇంట్లో పెరిగాను. శవం లేచిన బల్ల మీద పిల్ల పసుపు కుంకుమలా? పైగా పోయినవాళ్ళ ముద్ద నా కడుపులో ఉంది. తలస్నానం చేద్దామంటే ఎదురుగా నది తప్ప వేరే దిక్కు లేదు, అందులోకి దిగితే సాయంత్రానికి నేనూ ఆ బల్ల మీదే ఉంటాను.

మార్తా వచ్చి పక్కన నిలబడింది. "వద్దంటే అర్థం చేసుకుంటాను. కానీ నా పెళ్ళి భోజనం, నా కొడుకుది, అన్నీ దాని మీదే. దాన్ని దాచిపెట్టి ఇంకో బల్ల చూపించి మీ పిల్లని తెచ్చుకోలేను" అంది.

"వాళ్ళు మీకేమవుతారు?"

"ఏమీ కారు. పేర్లే తెలియవు."

"మరి రోజూ ఎందుకు పెడతారు?"

ఆవిడ నన్నో తెలివితక్కువ విద్యార్థినిని చూసినట్టు చూసింది. "ఇక్కడ ఆగారు కదా. ఆగినవాళ్ళకి తిండి పెట్టడమేగా మా పని."

ఆ మాటకి నాకు మన నాంది గుర్తొచ్చింది. మన పెళ్ళిళ్ళలో నాంది ఎందుకు పెడతాం? పోయిన పెద్దల్ని ముందుగా పిలిచి, వాళ్ళకి పెట్టిగానీ శుభం మొదలుపెట్టం. అదీ మన పెద్దల్ని, మన గోత్రం వాళ్ళనే, లెక్కగా మూడు తరాలు. దిక్కులేని శవానికి సంస్కారం చేస్తే కోటి యజ్ఞాల ఫలమని మనం చెప్పుకుంటాం. చెప్పుకోవడం వరకే మన వంతు. వీళ్ళు ఆ పని చేసి, చేతులు కడుక్కుని, వచ్చినవాళ్ళకి సూప్ వడ్డించారు.

"మీ రొట్టె తినేశాను. వాళ్ళకి ఇవాళ పస్తు కదా" అని, సంచీలోంచి నా పులిహోర డబ్బా తీశాను. ఎక్కడికెళ్ళినా అది నా వెంట ఉంటుంది. కిటికీలోని పళ్ళెం తెచ్చి, నిండా పెట్టి, కింది మెట్టు మీద ఉంచి, అలవాటుగా కాకి కోసం చూశాను. కాకి తింటే పోయినవాళ్ళు ఒప్పుకున్నట్టని మార్తాకి చెప్పాను. కాకి రాలేదు. లావుపాటి బాతొకటి నీళ్ళలోంచి ఎక్కి, నన్ను ఎగాదిగా చూసి, ఎండుమిరపకాయ పక్కకు తోసి, మిగతాదంతా తినేసింది.

"ఇది ఒప్పుకున్నట్టేనా?" అని అడిగింది మార్తా.

"వాళ్ళు ఒప్పుకున్నారు. ఇక నేనెవరిని? లోపలికి పదండి వదినగారూ, సూప్ చల్లారిపోతోంది."

చరిత్ర అంటే రాజులు, కోటలు అని పాఠాలు చెప్పిన నోరు నాది. ఒక తాగుడు కొట్టు ఏం చూసి ఉంటుందిలే అనుకుని వెళ్ళాను. వెనక్కి వచ్చేటప్పుడు నా ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు. తాంబూలాలు ఆ బల్ల మీదే పుచ్చుకుంటున్నాం. పెళ్ళికి ముందు పెట్టే నాంది కూడా అక్కడే, కిటికీ పక్కన. ఎవరి పేరు చెప్పాలని పురోహితుడు అడిగితే ఏమనాలో ఇంకా తేల్చుకోలేదు. పేరు తెలియనివాళ్ళని పిలిచే మంత్రం ఏదో ఆయనే వెతుక్కుంటాడు, దక్షిణ తీసుకుంటున్నాడుగా.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. సూప్, చీజ్ రొట్టె ఇద్దరికీ టిప్పుతో కలిపి నలభై డాలర్లు దాటవు, మాంసం లేకుండా కావాలని ముందే చెబితే చేసిపెడతారు. ఎంత ఆకలేసినా కిటికీలో ఉన్న పళ్ళెం జోలికి మాత్రం పోకండి. మీ వంతు వాళ్ళే తెచ్చి పెడతారు.