లంబసింగి ఘాటీ ఎక్కించిన అప్పలస్వామి మేస్త్రి

చింతపల్లి బస్టాండు వెనుక రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళకు పైగా జీపులకూ వ్యాన్లకూ వైద్యం చేసిన అప్పలస్వామి మేస్త్రిగారు గత ఆదివారం ఉదయం గుండెపోటుతో కన్నుమూశారు. నర్సీపట్నం బయలుదేరిన జీపు డ్రైవరు ఒకడు మా కిరాణా కొట్టు ముందు ఆగి, ఇంజను ఆపకుండానే "మేస్త్రి పోనాడు బావూ" అని నాన్నగారితో అన్నాడు. చేతిలో ఉన్న ఉప్పు ప్యాకెట్టు ఎవరికి ఇవ్వాలో నాకు కాసేపు గుర్తు రాలేదు. ముందురోజు సాయంత్రమే ఆయన కొట్టుకు వచ్చి బీడీకట్ట కొనుక్కుని, "ఈ సలికి డీజిలే గడ్డకడతంది, నా మోకాళ్ళెంతే గుంటా" అని నాతో అని నవ్వి వెళ్ళారు. ఇక్కడి మాటలో గుంట అంటే ఆడపిల్ల; ఆయనకు నేనెప్పుడూ గుంటనే. ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉండగానే ఈ వార్త నమ్మమంటే మనసు ఎలా ఒప్పుకుంటుంది?

ఆయన కొండ మీది చిన్న ఊళ్ళో పుట్టారు. లారీలు కడుగుతూ పని నేర్చారు. చదువు రాదు. ఇంజను దగ్గరికి వస్తే పొడవాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. అప్పుడు షెడ్డులో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆయన విద్వత్తంతా ఆ వినడంలో ఉంది.

నేను తొమ్మిదో తరగతి చదువుతున్న రోజుల మాట. నాన్నగారు అనకాపల్లి నుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టి, సరుకు తేవడానికి ఒక పాత డీజిల్ పికప్పు కొన్నారు. అది నిండు లోడుతో నర్సీపట్నం నుంచి వచ్చే కొండదారి, లంబసింగి ఘాటీ, ఎక్కేది కాదు. సగం సగం చేసి రెండుసార్లు తెచ్చేసరికి బుధవారం సంత విడిపోయేది. ఒకరోజు అన్నం తింటూ నాన్నగారు అమ్మతో అన్నారు: "వానలు పడీలోగా బండి ఫుల్‌లోడుతో ఎక్కకపోతే అమ్మేద్దాం. అనకాపల్లి పోయి అన్నయ్య కొట్లో సేరిపోతాను."

"మరి గుంట సదువో?" అంది అమ్మ.

"తొమ్మిది దాకా సదివింది కదేటి. ఇంక ఇంట్లో నీకు సాయం ఉంటాది."

నేను పెరుగన్నం కలుపుకుంటూ తల వంచుకున్నాను. రాత్రి డైరీలో ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను. అనకాపల్లిలో పెదనాన్నగారి ఇంట్లో నాకోసం ఏ పుస్తకమూ ఎదురుచూడదని నాకు తెలుసు.

ఆ రోజుల్లో ఘాటీ డ్రైవర్లకు తెలిసిన మందు ఒక్కటే. డీజిల్ పంపు స్క్రూ తిప్పించి, ఇంజనుకు డీజిలు ఎక్కువ పోయేలా చేయించడం. వెనుక ఎంత నల్లటి పొగ వస్తే బండికి అంత బలమని నమ్మేవారు. నాన్నగారూ అదే కోరారు. మేస్త్రిగారు వద్దన్నారు. నాన్నగారు వదల్లేదు. చివరికి ఆయన మొహమాటపడి తిప్పారు. ఆ వారమే మూడో మలుపులో ఇంజను కాగిపోయి, హెడ్డు గ్యాస్కెట్టు పేలి, బియ్యం బస్తాలన్నీ రోడ్డు మీద దించాల్సి వచ్చింది. మిగతా డ్రైవర్లు చుట్టూ మూగారు. తప్పు నాన్నగారిదని అనడానికి మేస్త్రిగారికి ఎన్ని దారులో! ఆయన మాత్రం అందరి ముందూ, "తప్పు నాదే బావూ. తెలిసీ తిప్పినాను. ఇప్పుడు నా మాట ఇను, బండి నాకు ఒగ్గీ" అన్నారు. అంతటి నిజాయితీ నేను చదివిన ఏ పుస్తకంలోనూ అంత దగ్గరగా చూడలేదు.

ఇంజను బాగుచేశాక అసలు పని మొదలుపెట్టారు. కొత్త సామాను కొనే స్తోమత మాకు లేదని ఆయనకు తెలుసు. "ముందు ఊపిరి, ఆనక తిండి" అనేవారు, అంటే ముందు గాలి, తరువాతే డీజిలు. ఎయిర్ ఫిల్టరు విప్పితే గుప్పెడు ఎర్రమట్టి రాలింది. సైలెన్సరు గొట్టం మసితో సగం మూసుకుపోయింది. నాజిళ్ళు తీసి డీజిలు సమంగా చిమ్ముతోందో లేదో చూశారు. ఆయన నియమం ఒకటుంది: ఒకసారికి ఒక్కటే మార్పు. అది చేశాక అవే బస్తాలు వేసుకుని అదే ఘాటీ ఎక్కాలి. ఏ మలుపులో ఏ గేరు పడిందో, పొగ ఏ రంగులో వచ్చిందో రాయాలి. రాసే పని నాకు అప్పగించారు.

"గుంట నోరిప్పదు గానీ కళ్ళు పెద్దవి. నువ్వు రాయే" అన్నారు. సెలవు రోజుల్లో ఆయనకూ నాన్నగారికీ మధ్య ఇరుక్కుని కూర్చుని రాశాను.

అసలు తగాదా టైర్ల దగ్గర వచ్చింది. గెడ్డలు, అంటే కొండవాగులు, దాటడానికి ఎత్తు కావాలని నాన్నగారు అంతకుముందే పెద్ద టైర్లు వేయించి, ఎంతో మురిసిపోయారు. వాటివల్లే చక్రం తిప్పడానికి ఇంజను రెట్టింపు అవస్థ పడుతోందని మేస్త్రిగారు తేల్చారు.

"టైర్లు తీసెయ్యాలా? గెడ్డ ఎలా దాటాలి?" అన్నారు నాన్నగారు.

"గెడ్డ ఏడాదికి మూడు నెల్లు బావూ. ఘాటీ రోజూ. ఏనుగు కాళ్ళు తగిలించి మేకని పరిగెట్టమంటే ఎలాగ?"

టైర్లు మారాయి. బండి పైన నాన్నగారు వెల్డింగు చేయించిన బరువైన ఇనుప చట్రమూ దిగిపోయింది. తరువాత విశాఖ పాతసామాను బజారులో రెండు రోజులు తిరిగి, పళ్ళు లెక్కపెట్టి చూసి, వెనుక ఇరుసును తిప్పే పళ్ళచక్రాల జత, క్రౌన్ సెట్టు, వేరేది తెచ్చి బిగించారు. "ఇంక మైదానంలో పరిగెట్టదు. కొండ దగ్గర మాత్రం తగ్గదు" అన్నారు. అన్నిటికన్నా చివర పంపు స్క్రూ వెంట్రుకవాసి తిప్పారు.

"ఇంకాస్త తిప్పరాదేటి మేస్త్రీ" అన్నారు నాన్నగారు.

"సాలు. ఇంజను నోరు లేని జీవి. ఇంక వద్దని అది సెప్పలేదు, మనమే సెప్పాల."

మబ్బులు పట్టిన ఒక మంగళవారం నిండు లోడుతో నర్సీపట్నంలో బయలుదేరాం. నేను పుస్తకం తెరిచి మొదటి మలుపు నుంచీ గేర్లు రాస్తూ కూర్చున్నాను. మూడో మలుపులో బండి ఒక్కసారి మూలిగింది. నాన్నగారి చేయి గేరు మీద బిగుసుకుంది. మేస్త్రిగారు కళ్ళు మూసుకుని విని, "మార్చకు, దాన్ని పోనీ" అన్నారు. అది నెమ్మదిగా, ఆగకుండా ఎక్కింది. లంబసింగి చేరాక నాన్నగారు దిగి బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడిపోయారు. "ఇంక అనకాపల్లి ఎందుకు మేస్త్రీ" అన్నారు.

అప్పుడు మేస్త్రిగారు నన్ను చూశారు. "ఏటే గుంటా, ఏడుస్తన్నావేటి? పొగ కళ్ళల్లో పడిందేటి?"

అవునని తల ఊపాను. బండి వెనుక పొగ లేదన్న సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు.

మేము ఈ కొండల్లోనే ఉండిపోయాం. నేను డిగ్రీ పూర్తి చేసి, చదువుకున్న బడిలోనే పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ఇవాళ ఆయన షెడ్డు ముందు మూడు జీపులు బానెట్లు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. పనిముట్లు ఉన్నాయి, సామాను ఉంది. ఆ చెవి లేదు, వద్దు అని చెప్పగల ఆ గొంతు లేదు. ఆ లోటు ఈ మన్యంలో ఎవరూ తీర్చలేరు.

ఇన్నేళ్ళూ ఆ షెడ్డు ముందు నుంచే బడికి నడిచాను. ఒక్క పూట ఆగి చెప్పడానికి సిగ్గుపడ్డాను. మన్నించండి మేస్త్రిగారూ. మీవల్లే నేను బడి మానలేదు.