ఊరంతా దర్జీ మేడమీదికి

ఆ లైబ్రరీలో ఆవిడని అందరూ కార్డులక్క అంటారు. మెంబర్ల కార్డులన్నీ ఆమె చేతిమీదుగా పుట్టినవే. ఇప్పుడవి కంప్యూటరులోకి వెళ్ళిపోయాయి గనుక, ఆమె కూడా డేటాబేస్ భాష నేర్చుకుని పరీక్ష నెగ్గాలట. నెగ్గకపోతే ఊరికి ఆ చివరనున్న శాఖకు బదిలీ. అక్కడికి పోతే మధ్యాహ్నం ఇంటికొచ్చి, మంచం పట్టిన తల్లికి నాలుగు ముద్దలు తినిపించడం కుదరదు. ఆ దిగులుతోనే ఆమెకు కంటినిండా నిద్ర లేదు.

పాఠం చెప్పే మాస్టారు మంచివాడే, కాస్త వెటకారం పాలు ఎక్కువ. "వేరియబుల్ అంటే పేరు అంటించిన ఖాళీ డబ్బా అక్కా. ఇలాంటి డబ్బా ఒకటుందని ముందే చెప్పాలి. తర్వాత అందులో విలువ వెయ్యాలి. కావలసినప్పుడు పేరు పెట్టి పిలవాలి," అని ఓపిగ్గానే చెప్పాడు.

పరీక్షలో లెక్క చిన్నదే. రిటైరైన పంతులుగారొకాయన దర్జీ మేడమీదికి ఇల్లు మారాడు. పరీక్ష కోసం తీసిన మెంబర్ల నకలు పట్టికలో ఆయన చిరునామా మార్చాలి. కార్డులక్క డబ్బాకు 'నంబరు' అని పేరు పెట్టి, అందులో పంతులుగారి కార్డు నంబరు వేసింది. 'నంబరు, నంబరు సమానమైన చోట చిరునామా మార్చు' అని రాసి మీట నొక్కింది.

ఇంకేముంది, ఊళ్ళో చదువు వచ్చిన ప్రాణి ప్రతిదీ దర్జీ మేడమీదికి కాపురానికి దిగింది. జడ్జిగారు మెట్లమీద, పహిల్వాను బట్టలారేసే దండెంమీద. అబద్ధమనుకుంటే వెళ్ళి చూడండి, ఆ మేడ ఇప్పటికీ ఓ పక్కకి ఒరిగే ఉంటుంది.

"అంతమందికీ ఒకటే స్నానాలగది అక్కా," అన్నాడు మాస్టారు.

"నేను వేసింది ఒక్క నంబరే కదండీ."

"ఒక్కటే. మరి అందరూ ఎందుకు కదిలారో మీరే కనుక్కోండి. భోజనాలయ్యాక ఇంకొక్కసారి చూస్తాను. అంతే, ఆ పైన నా చేతుల్లో లేదు."

కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరింది. గుమ్మం బయట మెట్టుమీద కూతురు కూర్చుని ఉంది.

"అమ్మా, కాసిని మంచినీళ్ళియ్యి," అంది కార్డులక్క, కూతుర్ని ముద్దుగా పిలుస్తూ.

లోపలి గదిలోంచి తల్లి పలికింది. "నేనెక్కడ లేవగలనే?"

"నిన్ను కాదులే అమ్మమ్మా, నన్ను," అంది కూతురు.

"ఇంట్లో ఉన్నదాన్ని నేను. అమ్మా అంటే నేను పలక్క ఇంకెవరు పలుకుతారు?"

లోపలికెళ్ళి తల్లికి ముద్ద కలుపుతుంటే ఆ మాట తట్టి, కార్డులక్క చెయ్యి ఆగిపోయింది. పట్టికలోనూ అందరి కార్డు నంబర్లుండే 'నంబరు' అనే నిలువు వరస ఒకటుంది. లోపలున్నది గనుక అదే పలికింది. బయటున్న డబ్బా గొంతు ఎవరికీ వినపడనే లేదు. ఎవరి నంబరు వాళ్ళ నంబరుకు సమానమే కదా, అందుకే ఊరంతా మూటాముల్లే సర్దుకుంది.

తిరిగి వెళ్ళి కొత్త నకలు పట్టిక తెరిచి, డబ్బా పేరు 'నా_నంబరు' అని మార్చి, 'నంబరు, నా_నంబరు సమానమైన చోట' అని రాసింది. మీట నొక్కింది. ఈసారి పంతులుగారొక్కరే కదిలారు.

"ఇక బదిలీ లేదు, ఇక్కడే ఉండండి అక్కా," అన్నాడు మాస్టారు. నవ్వడానికి ఆమెకు ఓపిక లేకపోయింది.

సాయంత్రం గుమ్మంలోనే గోడకానుకుని కూలబడి, "అమ్మా," అంది.

లోపలినుంచీ బయటినుంచీ ఒకేసారి వినిపించింది. "ఎవర్ని?"

"ఎవరికి ఓపికుంటే వాళ్ళని."