మగ్గాలు ఆగిన పూట

మా తమ్ముడికి కరెంటు పోతే భయం. చీకటని కాదు, పట్టపగలే భయం. తమిళనాడు విరుదునగర్‌లో మా ఇంటి వెనక షెడ్డులో పవర్‌లూమ్ మగ్గాలు ఉండేవి. నాన్న పోయాక వాటిని వాడే చూసుకునేవాడు. ఆ మోత ఉన్నంతసేపు వాడు బంగారం. మోత ఆగిందా, చెవుల్లో ఎవరో మాట్లాడేవారు.

ఈ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. మొదటిసారి ఎమర్జెన్సీకి తీసుకుపోయినప్పుడు, ప్రశాంతమైన చోట ఉంచమన్నారు డాక్టరు. మోత వల్లే మతి చెడిందని మేమూ నమ్మి, కోవిల్‌పట్టి అవతల మేనమామ పొలంలోని ఇంటికి పంపాం. గాలి తప్ప వేరే చప్పుడు లేని చోటు. నాలుగు రోజులు తిరక్కుండానే మళ్ళీ ఎమర్జెన్సీ.

"మగ్గం ఆడేటప్పుడు వాళ్ళ మాట్లు ఇనపడవక్కా," అన్నాడు ఆస్పత్రి మంచం మీద.

"ఏం చెప్తారురా?"

వాడు అమ్మ వైపు చూశాడు. వాళ్ళు ఎవరిని ఏం చెయ్యమంటున్నారో నాకు అర్థమైంది.

వాణ్ణి మళ్ళీ మగ్గాల దగ్గరికే తెచ్చుకున్నాం. రెండువేల సంవత్సరం దాటాక ఒక ఏడాది కరెంటు కోతలు రోజువారీ అయ్యాయి. మందులు వేసుకుంటూనే ఉన్నా, కోత మొదలవగానే తనే సైకిలెక్కి ఆస్పత్రికి పోయి బెంచీ మీద కూర్చునేవాడు. అక్కడివాళ్ళకు వేళాకోళమైపోయింది. "మీ వాడికి ఇక్కడే రేషన్ కార్డు రాయించేదా?" అంది ఒక నర్సు తమిళంలో. నాకు ఒళ్ళు మండింది. వాడేమన్నా సుఖం కోసం వచ్చాడా? అమ్మకు దూరంగా ఉండటానికి వచ్చాడు. సూది వేసి పంపేసేవారు.

అలా పంపేసిన ఒక మధ్యాహ్నం, మేం ఇల్లు చేరామో లేదో, మళ్ళీ కరెంటు పోయి మగ్గాలు ఆగాయి. తమ్ముడు నన్నూ అమ్మనూ గదిలోకి తోశాడు. "లోపల గడియ ఏసుకోండి. నేనే పిలిచినా తియ్యొద్దు," అన్నాడు. గడియ వేశాను.

కాసేపటికి తలుపు అవతల నుంచి ఎంతో మెత్తగా వినిపించింది. "అమ్మా, ఆకలేస్తా ఉండాది. తలుపు తియ్యి."

అమ్మ లేచింది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఇడువే, బిడ్డ ఆకలంటా ఉండాడు," అంది ఏడుస్తూ.

నేను విడవలేదు. కరెంటు వచ్చేదాకా వాడు పిలుస్తూనే ఉన్నాడు. పొద్దున్నుంచి వాడు నిజంగానే ఏమీ తినలేదు.